ఆశా అక్క ఆరు విజిట్లు: పాలు పడ్తలేవని ఏడ్చిన నాకు దొరికిన సాయం

బ్రెస్ట్ పంపు కొనేముందు రాత్రి రెండింటికి కూసోని ఫోన్ల ఒక్కొక్క రివ్యూ చదివిన, కడగనీకి ఈజీగ ఉంటదా, రబ్బరు మెత్తగ ఉంటదా, వాపస్ తీస్కుంటరా, అన్నీ చూసి 1,150 రూపాయలు పెట్టి చేత్తోని నొక్కే పంపు ఒకటి తెప్పించిన. అది నాకు అప్పుడు ఏం పనికి రాలే. పనికొచ్చింది మా ఊరి ఆశా అక్క, అంటే ఊళ్ళె ఇంటింటికి తిరిగే ఆరోగ్య కార్యకర్త. పైసా తీస్కోకుంట ఇంటికొచ్చి పక్కన కూసోని నాకు పాలిచ్చుడు నేర్పింది, కానీ ఆమె చేసే పని గురించి ఎక్కడ వెతికినా ఒక్కరు గూడ రివ్యూ రాయలే. అందుకే నేను రాస్తున్న. కాన్పు దగ్గర పడ్డోళ్ళు చదవాలె, వాళ్ళ అమ్మలు, అత్తమ్మలు గూడ చదవాలె.

రేటింగ్ ముందే చెప్తున్న, ఆశా అక్క ఇంటికొచ్చే విజిట్లకు 5కి 5. పంపుకు 5కి 2, అది ఎందుకో కింద రాస్త.

మా అత్తగారిది మిర్యాలగూడ, తల్లిగారిది మర్రిగూడ మండలంల ఒక చిన్న ఊరు. తొలిసూరు కాన్పు కాబట్టి ఏడో నెలలనే తల్లిగారింటికి వచ్చిన. సెప్టెంబర్‌ల నల్లగొండల ఒక ప్రైవేట్ నర్సింగ్ హోంల ఆపరేషన్ చేసి పాపను తీసిన్రు, 2.9 కిలోలు. ఆస్పత్రి పేరు ఇక్కడ రాయను. ఆపరేషన్ అయితే మంచిగనే చేసిన్రు, కుట్లు గూడ తొందరగ మానినయి, కానీ పాల సంగతి ఎవ్వరు పట్టించుకోలే. పాపను నా పక్కకు తెచ్చేసరికి ఐదు గంటలు దాటింది, అప్పటికే సిస్టర్ 30 ఎంఎల్ డబ్బా పాలు పట్టించింది, "మీకు ఇంకా పాలు పడలేదమ్మా, మూడు రోజులైతది" అన్నది, మా అమ్మ చేతిల డబ్బా పేరు రాసిన చీటీ పెట్టింది. మత్తుల ఉన్న మనిషిని, నాకేం తెలుస్తది, సరే అన్న.

తర్వాత తెలిసిందేందంటే పుట్టిన పిల్ల కడుపు మొదటి రోజు ఎంత ఉంటదో తెలుసా, ఒక చిన్న చెంచాడు పాలు పట్టేంత. అందుకే ఆ మొదటి రెండు మూడు రోజులు చుక్కలు చుక్కలుగ, చిక్కగ, పసుప్పచ్చగ వచ్చే ముర్రుపాలు సరిపోతయి. అవి తక్కువ కాదు, పాపకు కావాల్సినంతనే అవి. ఆపరేషన్ అయినోళ్ళు గూడ మెలకువ వచ్చినంక, వీలైతే మొదటి గంటలనే పాలియ్యొచ్చట. ఒక్కసారి 30 ఎంఎల్ తాగి నిద్రపోయిన పిల్ల మల్ల చన్ను పట్టనీకి ఎందుకు ఆరాటపడుతది? పట్టకపోతే నాకు పాలెట్ల పెరుగుతయి? ఇంకోటి, డబ్బా పాలకు, పాల సీసాలకు అడ్వర్టైజ్‌మెంట్ చేసుడు, ఆస్పత్రులల్ల ప్రచారం చేసుడు మన దేశంల చట్టం ప్రకారం నిషేధం, 1992 నుంచి ఉంది ఆ చట్టం, 2003ల ఇంకా గట్టిగ చేసిన్రు. ఆ చీటీ చేతిల పెట్టిన రోజు ఇది నాకు తెలిసుంటే కనీసం ఒక మాట అడుగుదును.

నాలుగో రోజు డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చినం. ఆ రాత్రి గురించి ఏం చెప్పాలె. రొమ్ములు రాళ్ళ లెక్క గట్టిపడ్డయి, పాప నోట్ల పెడితే జారిపోతది, పట్టినా మొన కొసనే పట్టి నములుతది, పుండై నెత్తురు వస్తుంది, నేను పండ్లు బిగబట్టి ఏడుస్తున్న, పాప ఏడుస్తుంది, మా అమ్మ గూడ ఏడుస్తుంది. మా నాయనమ్మ అయితే "పాలు పడ్తలేవు, పోరిని ఎండబెట్టకున్రి, తేనె నాకియ్యున్రి" అని ఒకటే లొల్లి. ముర్రుపాలు మంచియి కావు పిండి పారబోయాలె అనేది గూడ ఆమెనే, వాళ్ళ కాలంల అట్లనే చేసేటోళ్ళట. మా ఆయన ఫోన్ల "డబ్బా పట్టు, నువ్వు నిద్రపో" అంటడు. అందరు ప్రేమతోనే అంటున్నరు, ఎవ్వరికి ఏం చెయ్యాల్నో తెల్వదు. ఆ రాత్రే పంపు ఆర్డర్ పెట్టిన.

ఐదో రోజు పొద్దున పది గంటలకు ఆశా అక్క వచ్చింది. ఆస్పత్రిల కాన్పు అయినోళ్ళకు 3, 7, 14, 21, 28, 42 రోజులకు, మొత్తం ఆరు సార్లు ఆశా ఇంటికొచ్చి తల్లిని బిడ్డను చూడాలె, ఇది రూల్. నేను మూడో రోజు ఇంకా నర్సింగ్ హోంలనే ఉన్న కాబట్టి మొదటి విజిట్ ఐదో రోజుకు పడ్డది. చేతులు సబ్బుతోని కడుక్కున్నది, సంచిల నుంచి తూకం కాంటా, గుడ్డ ఉయ్యాల, థర్మామీటర్, గడియారం తీసింది. జ్వరం చూసింది, పాప ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీస్తుందో గడియారం పెట్టి లెక్కబెట్టింది, బొడ్డు చూసింది, కాంటాకు ఏలాడదీసి తూచింది, 2.7 కిలోలు. నేను బెదిరిపోయిన, 200 గ్రాములు తగ్గింది కదా అని. "ఏం కాదు బిడ్డా, పుట్టిన పిల్లలు ముందుగాల జర తగ్గుతరు, రెండు వారాలల్ల మల్ల ఎక్కుతరు, ఉచ్చ ఎన్నిసార్లు పోస్తుంది చెప్పు" అన్నది. నేను లెక్కబెట్టలే. "రేపటి సంది లెక్కబెట్టు, రోజుకు ఆరుసార్లన్నా పోస్తే పాలు అందుతున్నట్టే" అని చెప్పింది. ఆరుసార్ల లెక్క ఒక్కటి నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో, రొమ్ముల ఎన్ని పాలున్నయో మనకు కనపడవు గానీ తడిసిన గుడ్డలు కనపడతయి కదా.

తర్వాత ఏమన్నదంటే, "నువ్వు ఎట్ల ఇస్తున్నవో అట్లనే ఇయ్యి, నేను చూస్త." అంతే. అప్పటిదాక నాకు వంద మంది సలహాలు చెప్పిన్రు, ఒక్కరు గూడ నేను ఎట్ల ఇస్తున్ననో చూడలే. నేను పాప మీదికి వంగి ఇస్తున్న, పాప మెడ పక్కకు తిరిగి ఉంది. ఆమె నా ఈపు ఎనక మెత్త పెట్టింది, పాప కడుపు నా కడుపుకు ఆనేటట్టు తిప్పింది, తల, మెడ, ఈపు ఒకే గీతల ఉండాలె అన్నది, మొనతోని పాప పై పెదవిని జర తాకించి, పాప ఆవులించినట్టు పెద్దగ నోరు తెరిచేదాక ఆగి, అప్పుడు పాపను నా దిక్కు దగ్గరికి తెచ్చింది. రొమ్మును పాప దిక్కు తీస్కపోవుడు కాదు, పాపను రొమ్ము దిక్కు తేవాలె, అదే తేడా. మొన ఒక్కటే కాదు, దాని సుట్టు నల్లగ ఉండే భాగం గూడ కింది దిక్కు ఎక్కువ నోట్లకు పోవాలె, కింది పెదవి బయటికి మడిచి ఉండాలె, గదుమ రొమ్ముకు ఆనాలె. మొదటిసారి కుదరలే, చిటికెన వేలు పాప నోటి మూలకు పెట్టి మెల్లగ తీసి మల్ల పెట్టింది, నాలుగోసారికి కుదిరింది. నొప్పి తక్కువైంది, గుటక గుటక సప్పుడు వచ్చింది. నేను ఆ సప్పుడు అప్పటిదాక వినలే.

ఆ గుటకల సప్పుడుకు మా అమ్మ దండం పెట్టింది.

ఆపరేషన్ కుట్ల మీద బరువు పడకుంట పాపను చంక కింద పట్టుకొని ఇచ్చే పద్ధతి, పక్కకు ఒరిగి పండుకొని ఇచ్చే పద్ధతి రెండు చూపెట్టింది. గట్టిపడ్డ రొమ్ములకు పాలిచ్చే ముందు గోరువెచ్చటి నీళ్ళల్ల ముంచిన గుడ్డ పెట్టి, చేత్తోని జర పాలు పిండి మెత్తగ చేస్కోని ఇయ్యమన్నది, అప్పుడు పాపకు పట్టు దొరుకుతది. పుండ్లకు సబ్బు పెట్టొద్దు, పాలిచ్చినంక వచ్చే ఆఖరి చుక్కలే మొనకు రాసి ఆరనియ్యాలె అన్నది. వారం రోజులల్ల మానింది.

నాయనమ్మకు జవాబు చెప్పిన తీరు అయితే నేను మర్చిపోను. "పెద్దమ్మా, మీ కొట్టంల బర్రె ఈనితే దూడకు ముర్రుపాలు తాగిపియ్యకుంట పారబోస్తవా? పారబోస్తే ఆ దూడ నిలబడుతదా?" అన్నది. నాయనమ్మ జరసేపు సప్పుడు చెయ్యలే, తర్వాత "నిజమే కదనే" అన్నది. ఆ ముర్రుపాలల్ల రోగాలను ఆపే శక్తి, విటమిన్ ఏ నిండుగ ఉంటయి, అది పాపకు మొదటి టీకా లెక్క అని ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పింది. తేనె అయితే ఏడాది నిండేదాక వద్దే వద్దు, దాంట్ల ఉండే ఒక క్రిమి చంటిపిల్లలకు ప్రాణం మీదికి తెస్తది. ఆరు నెలల దాక నీళ్ళు గూడ అక్కర్లేదు, వాము నీళ్ళు, గ్రైప్ వాటర్ ఏదీ వద్దు, డాక్టర్ రాసిచ్చే విటమిన్ డి చుక్కలు, మందులు తప్ప.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి మా దిక్కు సంగతి ఒకటి చెప్పాలె. మర్రిగూడ అంటే ఫ్లోరైడ్ నీళ్ళు అని అందరికి తెలుసు, మా ఊళ్ళె బోరు నీళ్ళు తాగి కాళ్ళు వంకరబోయి నడుము వంగిపోయినోళ్ళను నేను చిన్నప్పటి సంది చూస్తున్న, మా తాత గూడ నలభై ఏండ్లకే కట్టె పట్టుకున్నడు. ఇప్పుడు మిషన్ భగీరథ కింద సర్కారు నల్లా నీళ్ళు వస్తున్నయి గానీ నల్లా రాని రోజు బోరు నీళ్ళే దిక్కు. ఆ నీళ్ళు కాగబెట్టి డబ్బా పాలు కలుపుతే ఏమైతది? కాగబెడితే క్రిములు చస్తయి, ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరిన కొద్ది ఇంకా చిక్కనైతది. అదే తల్లి ఆ నీళ్ళు తాగినా తల్లిపాలల్లకు ఫ్లోరైడ్ చాన తక్కువ వస్తది, మన ఒళ్ళు దాన్ని పాలల్లకు రానియ్యదు. ఈ ముచ్చట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా నల్లగొండ జిల్లాల తల్లిపాలు ఎందుకియ్యాలె అని ఎవరన్నా అడిగితే నేను ముందుగాల ఇదే చెప్త, తర్వాతనే విరేచనాలు, నిమోనియా, చెవి పోటు తక్కువైతయి అనేది చెప్త, అవి గూడ నిజమే.

తల్లికి లాభం ఏంది అని నేనే అడిగిన. బిడ్డ చన్ను పట్టినప్పుడు గర్భసంచి ముడుచుకుంటది, రక్తస్రావం తగ్గుతది, మొదటి వారం పాలిచ్చేటప్పుడు పొత్తికడుపుల నొప్పి వచ్చేది దాని వల్లనే. ముందుముందు రొమ్ము క్యాన్సర్, అండాశయాల క్యాన్సర్, షుగర్ వచ్చే అవకాశం గూడ తగ్గుతదట. ఇవన్నీ ఆస్పత్రిల నాకు ఎవ్వరు చెప్పలే.

డబ్బా పాలు ఒక్కసారే ఆపలే. రోజుకు మూడుసార్లు పట్టేది రెండు చేసినం, ఒకటి చేసినం, ముందు రెండు దిక్కుల రొమ్ము ఇచ్చినంకనే డబ్బా, అది గూడ సీసాతోని కాదు, గిన్నె చెంచాతోని, నడుమ పిల్లల డాక్టర్‌కు గూడ చూపెట్టినం. ఏడో రోజు తూకం 2.65, అప్పుడు మల్ల భయమైంది, ఆశా అక్క ఆ వారం రూల్ల లేకున్నా ఇంకోసారి వచ్చి చూసి పోయింది. రాత్రి పాలు ఎగ్గొట్టొద్దు అని గట్టిగ చెప్పింది, పాలు తయారు చేసే హార్మోన్ రాత్రిపూటనే ఎక్కువ ఉంటదట, నేనేమో రాత్రి డబ్బా పట్టి పండుకుంటున్న, తప్పు అక్కడున్నది. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు ఇచ్చుడు మొదలుపెట్టిన. 14వ రోజు 2.85. పదహారో రోజు డబ్బా మూసేసినం. 21 దినాలకు తొట్లెల ఫంక్షన్ చేసినం, ఆ పొద్దున తూచితే 3.05, ఇంటి నిండ చుట్టాలు ఉన్నరు, ఆశా అక్క కాంటా పట్టుకొని పైకే చదివింది, మా నాయనమ్మ ఆ అంకె ఊరంత చెప్పుకున్నది. 28వ రోజు 3.25, 42వ రోజు 3.7.

తిండి సంగతి గూడ చెప్పాలె. మా దిక్కు పచ్చి బాలింతకు నీళ్ళు ఎక్కువ తాగనియ్యరు, పెరుగు పెట్టరు, ఎల్లిపాయ కారం అన్నమే పొద్దుమాపు. ఎల్లిపాయ తింటే తప్పు లేదు, కానీ దప్పికైనప్పుడు నీళ్ళు తాగాలె, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు అన్నీ తినాలె అని ఆశా అక్క అమ్మను కూసోబెట్టి చెప్పింది. అంగన్‌వాడీల ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, ఆరు నెలల లోపు పిల్లలున్న బాలింతలకు పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తరు, పేరు రాయించిందీ ఆమెనే. ఆగస్టు 1 నుంచి 7 దాక తల్లిపాల వారోత్సవాలని అదే అంగన్‌వాడీల మీటింగ్ పెట్టిన్రు, నేను నిండు నెలలతోని పోయి కూసున్న గానీ చెవిన పెట్టలే. కాన్పుకు ముందే శ్రద్ధగ వినున్రి, పుండు పడ్డంక వింటే బుర్రకు ఎక్కదు.

ఇప్పుడు పంపు. తెచ్చిన రోజు ఇరవై నిమిషాలు నొక్కితే పది ఎంఎల్ వచ్చింది, అది చూసి నాకు పాలే లేవని ఇంకింత ఏడ్చిన. పంపుల వచ్చేది చూసి పాలు ఎన్నున్నయో లెక్క కట్టొద్దు, బిడ్డ తాగినట్టు పంపు తాగలేదు, ఇది పంపు అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతోని రాయాలె. పట్టు సరిగ లేనోళ్ళకు పంపు మందు కాదు. కానీ పారేయలే, నాకు 26 వారాల లీవ్ ఉంది, అది అయిపోయినంక ఆఫీసుకు పోవాలె కాబట్టి అప్పుడు పనికొస్తది, అప్పుడు రేటింగ్ పెంచుతనేమో.

ఆశా విజిట్లల్ల లోటు లేదా అంటే, కొన్ని ఉన్నయి. ఎప్పుడొస్తదో ముందు చెప్పదు, ఆమెకు సర్వేలు, టీకాలు, మీటింగులు వంద పనులు. ఈ ఆరు విజిట్లు పూర్తి చేస్తే ఆమెకు వచ్చేది 250 రూపాయలు, ఒక్క విజిట్‌కు కాదు, అన్నిటికి కలిపి. నాకు ఆ మాట విన్నప్పుడు చాన బాధ అయింది, నేను పంపుకు పెట్టిన దాంట్ల నాలుగో వంతు గూడ కాదు. ఇంకోటి, ఆమె డాక్టర్ కాదు. నాకు మూడో వారంల ఒక దిక్కు రొమ్ము ఎర్రగై 101 జ్వరం వచ్చినప్పుడు ఆమె మందు ఏం చెప్పలే, వెంటనే డాక్టర్ దగ్గరికి పొమ్మన్నది, ఆ దిక్కు పాలు ఆపొద్దు అని మాత్రం చెప్పింది, డాక్టరమ్మ గూడ అదే అన్నది.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందా అని చదివితే, మన పక్కనే మహారాష్ట్ర గడ్చిరోలిల డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ఊళ్ళె ఆడోళ్ళకే శిక్షణ ఇచ్చి ఇంటింటికి పంపి పసిపిల్లల చావులు సగం కన్నా ఎక్కువ తగ్గించిన్రు, 1999ల లోకం ముందు పెట్టిన్రు, దాన్ని చూసే 2011ల దేశమంతా ఆశాలతోని మొదలుపెట్టిన్రు. మా ఆశా అక్కకు ఈ కథ చెప్తే సంబురపడ్డది.

మీరు ఈ సాయం తీస్కోవాలంటే ఒక్కటి గుర్తు పెట్టుకోన్రి. మీ పేరు అత్తగారి ఊళ్ళె రాయించి కాన్పుకు తల్లిగారింటికి పోతే, తల్లిగారి ఊరి ఆశాకు ముందే చెప్పాలె, తల్లీబిడ్డ కార్డు చూపెట్టాలె, లేకుంటే ఆమెకు మీరు వచ్చిన సంగతే తెల్వదు. ప్రైవేట్ ఆస్పత్రిల కాన్పు అయినా వస్తరు, అది సర్కారు ఆస్పత్రోళ్ళకే అనుకోని చానమంది అడగరు, మా చిన్నమ్మ బిడ్డ గూడ అట్లనే అనుకోని నెల రోజులు తిప్పలు పడ్డది. పాప మబ్బుగ ఉండి తాగకుంటే, ఉచ్చ తగ్గితే, అరచేతులు అరికాళ్ళు పచ్చగైతే విజిట్ కోసం ఆగకున్రి, 108కి ఫోన్ చెయ్యున్రి.

నిజంగనే పాలియ్యలేని తల్లులు గూడ ఉంటరు, మందులు వాడేటోళ్ళు, ప్రాణం బాగలేనోళ్ళు, డాక్టర్ చెప్పి డబ్బా పాలు పట్టేటోళ్ళను ఎవ్వరు ఒక్క మాట అనొద్దు, నేను పదహారు రోజులు పట్టినదాన్నే.

ఆరు విజిట్లు అయిపోయినయి గానీ మూడో నెలల మల్ల వస్తదట, ఆ తర్వాత ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు. డిసెంబర్‌ల వచ్చినప్పుడు పంపుతోని తీసిన పాలు ఫ్రిజ్‌ల ఎన్ని రోజులు పెట్టొచ్చో అడగాలె, మా అత్తమ్మను గూడ ఆ రోజుకు మిర్యాలగూడ నుంచి రమ్మన్న, గిన్నె చెంచాతోని ఎట్ల పట్టాల్నో ఆమె గూడ నేర్చుకుంటా అన్నది.